జీవరసాయన పునాదుల పునశ్చరణ: పట్టిక కన్నా ముందు చేయవలసినవి

ఉన్నత స్థాయి జీవశాస్త్రం చదువుతున్న హైస్కూలు విద్యార్థి జీవరసాయన అధ్యాయాన్ని మళ్లీ తిరగేయడానికి కూర్చున్నప్పుడు సాధారణంగా మొదట గీసుకునేది ఒక పట్టిక. ఎడమవైపు కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు, ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు అని నాలుగు వరుసలు. కుడివైపు వాటి మోనోమర్లు (పెద్ద అణువును కట్టే చిన్న యూనిట్లు), బంధాలు, పనులు, ఉదాహరణలు. ఈ పట్టికలో తప్పేమీ లేదు, దానితో మొదలుపెట్టడమే తప్పు. పట్టికలో 'ఏమిటి' అన్న దానికే చోటుంటుంది. ఈ స్థాయి పరీక్షల్లో అడిగేది మాత్రం 'ఎందుకు' అన్నది, లేదా 'ఇది మారితే ఏమవుతుంది' అన్నది. ఆ రెండింటికీ సమాధానం పట్టిక గళ్లలో దొరకదు.

అందువల్ల ఈ పునశ్చరణను ఒకే ప్రశ్న చుట్టూ నడపమని సూచిస్తున్నాను: ఈ అణువులో ఎలక్ట్రాన్లు ఎటువైపు మొగ్గి ఉన్నాయి, దాని వల్ల ఈ అణువు నీటితో ఎలా మెలుగుతుంది? కణత్వచం ఎందుకు ఏర్పడుతుంది, ప్రోటీన్ ఎందుకు ముడుచుకుంటుంది, డీఎన్‌ఏ పోగులు ఎందుకు విడదీయడానికి వీలుగా ఉంటాయి అనే ప్రశ్నలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి చేరతాయి.

పుస్తకం తెరవక ముందే

ఒక ఖాళీ కాగితం తీసుకుని, పుస్తకం మూసి ఉంచి, ఐదు బొమ్మలు గీయండి: హైడ్రోజన్ బంధంతో కలిసిన రెండు నీటి అణువులు, ఒక అమైనో ఆమ్లం సాధారణ నిర్మాణం, ఒక ఫాస్ఫోలిపిడ్, ఒక న్యూక్లియోటైడ్, ఎంజైము ఉన్నప్పుడూ లేనప్పుడూ చర్యలో శక్తి ఎలా మారుతుందో చూపే రేఖాచిత్రం. ఇరవై నిమిషాలు చాలు. ఆ తరువాత పుస్తకం తెరిచి, తప్పులను వేరే రంగు సిరాతో దిద్దండి. ఆ రంగు ఎక్కడ కనిపిస్తే అదే మీ పునశ్చరణ ప్రణాళిక. చదివిన పేజీనే మళ్లీ చదువుతూ పోతే వాక్యాలు పరిచయమైనవిగా అనిపిస్తాయి. ఆ పరిచయాన్ని జ్ఞానమని పొరబడడం చాలా తేలిక, అందుకే కాగితంతో మొదలుపెట్టమని చెప్పడం. ఇవే ఐదు బొమ్మలను రెండు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత మరొకసారి కొత్త కాగితం మీద గీయండి. పాత కాగితాలను పారేయకండి, రెండు కాగితాల మీదా ఒకే తప్పు ఉంటే అది మరపు వల్ల వచ్చింది కాదు, అర్థం కాకపోవడం వల్ల వచ్చింది.

నీరు, నాలుగు అంకెలు

కంఠస్థం చేయడాన్ని నేను పెద్దగా ప్రోత్సహించను, కానీ నాలుగు అంకెలను మాత్రం గుర్తుపెట్టుకోవడం లాభమే. పాలింగ్ కొలమానం ప్రకారం రుణవిద్యుదాత్మకత విలువలు ఆక్సిజన్‌కు 3.44, నైట్రోజన్‌కు 3.04, కార్బన్‌కు 2.55, హైడ్రోజన్‌కు 2.20. బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు ఎంత బలంగా తనవైపు లాగుతుందో ఈ విలువ చెబుతుంది. ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య తేడా 1.24 కాబట్టి ఆ బంధం ధ్రువ బంధం. ఆక్సిజన్ వైపు పాక్షిక రుణావేశం, హైడ్రోజన్ వైపు పాక్షిక ధనావేశం ఏర్పడతాయి. కార్బన్, హైడ్రోజన్ మధ్య తేడా 0.35 మాత్రమే కాబట్టి ఆ బంధాన్ని అధ్రువంగా పరిగణిస్తాం. ఇకపై ఏ అణువు నిర్మాణం కనిపించినా, అందులో కార్బన్–హైడ్రోజన్ గొలుసులు ఎక్కడున్నాయో, ఆక్సిజన్, నైట్రోజన్ ఎక్కడున్నాయో వేలితో చూపించగలిగితే దాని ప్రవర్తనలో సగం తెలిసిపోయినట్టే.

ఈ లాగుడు ఎంత పెద్ద తేడా తెస్తుందో ఒక పోలికతో చూడండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణుభారం 34, నీటి అణుభారం 18. బరువును బట్టి చూస్తే హైడ్రోజన్ సల్ఫైడే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరగాలి. వాస్తవంలో అది దాదాపు మైనస్ 60 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ 160 డిగ్రీల తేడాకు ప్రధాన కారణం నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు. నీటి విశిష్టోష్ణం ఒక గ్రాముకు, ఒక డిగ్రీ సెల్సియస్‌కు 4.18 జౌళ్లంత ఎక్కువగా ఉండడానికీ, నీటికి తలతన్యత ఉండడానికీ, మొక్కల దారువులో నీటి స్తంభం తెగకుండా పైకి లాగబడడానికీ కారణం ఇదే. మంచులో ప్రతి అణువూ నాలుగు పొరుగు అణువులతో స్థిరంగా బంధాలు ఏర్పరచుకుని ఖాళీలున్న జాలకంగా నిలబడుతుంది. అందువల్ల దాని సాంద్రత తగ్గి నీటి మీద తేలుతుంది. ఈ ధర్మాలను విడివిడిగా జాబితాగా రాసుకోకుండా, ప్రతిదాన్నీ 'హైడ్రోజన్ బంధాల వల్ల' అన్న మాటతో మొదలుపెట్టి పూర్తి వాక్యంగా రాయండి.

ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. నీటి అణువు లోపల ఆక్సిజన్‌నూ హైడ్రోజన్‌నూ కలిపేది సమయోజనీయ బంధం; ఒక అణువులోని హైడ్రోజన్‌నూ పక్క అణువులోని ఆక్సిజన్‌నూ ఆకర్షణతో కలిపేది హైడ్రోజన్ బంధం. నీరు మరిగినప్పుడు తెగేవి రెండో రకానివి మాత్రమే. మరిగే నీటి బుడగల్లో ఉండేది నీటి ఆవిరి, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు కావు. బొమ్మలో మొదటిదాన్ని నిండు గీతతోనూ, రెండోదాన్ని చుక్కల గీతతోనూ చూపే అలవాటు చేసుకుంటే ఈ గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే పీహెచ్ విషయంలో గుర్తుంచుకోవలసింది అది లాగరిథమ్ కొలమానమన్న ఒక్క సంగతే. పీహెచ్ 7 నుంచి 4కు తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత మూడు రెట్లు కాదు, 1,000 రెట్లు పెరుగుతుంది. మనిషి రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య నిలకడగా ఉండడానికి తోడ్పడే బైకార్బొనేట్ బఫర్‌ను ఉదాహరణగా తీసుకుని, ఆమ్లం చేరినప్పుడు ఏ అయాను దాన్ని పట్టుకుంటుందో, క్షారం చేరినప్పుడు ఏది హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుందో ఒకసారి రాసి చూడండి. బఫర్ పీహెచ్‌ను మారకుండా పూర్తిగా ఆపుతుందని రాయకండి. అది మార్పును తగ్గిస్తుంది, దాని సామర్థ్యానికి ఒక హద్దు ఉంటుంది.

కార్బన్ అస్థిపంజరం, దానికి తగిలించిన సమూహాలు

కార్బన్ నాలుగు బంధాలు ఏర్పరచగలదన్నది అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఆగవలసింది ప్రమేయ సమూహాల దగ్గర, అంటే అణువు ప్రవర్తనను నిర్ణయించే పరమాణువుల గుంపుల దగ్గర. హైడ్రాక్సిల్, కార్బాక్సిల్, అమైనో, ఫాస్ఫేట్, సల్ఫహైడ్రిల్, మిథైల్ సమూహాలను గీసి, ప్రతిదాని పక్కనా కణంలోని పీహెచ్ వద్ద దాని ఆవేశం ఏమిటో రాయండి. కార్బాక్సిల్ సమూహం ప్రోటాన్‌ను వదులుకుని రుణావేశం పొందుతుంది, అమైనో సమూహం ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతుంది, ఫాస్ఫేట్‌కు రుణావేశం ఉంటుంది, మిథైల్‌కు ఏ ఆవేశమూ లేదు. ప్రోటీన్ల గురించి చదివేటప్పుడు ఈ చిన్న జాబితా మళ్లీ అవసరమవుతుంది.

మోనోమర్లు కలిసి పాలిమర్‌గా మారేటప్పుడు ప్రతి బంధానికీ ఒక నీటి అణువు వెలువడుతుంది. జలవిశ్లేషణలో ప్రతి బంధం తెగడానికీ ఒక నీటి అణువు ఖర్చవుతుంది. దీన్ని లెక్కతో పరీక్షించుకోవాలి. పది గ్లూకోజ్ అణువులు ఒకే గొలుసుగా కలిస్తే ఏర్పడేవి తొమ్మిది బంధాలు, వెలువడేవి తొమ్మిది నీటి అణువులు. గ్లూకోజ్ అణుభారం 180 కాబట్టి గొలుసు అణుభారం 1,800 నుంచి 162 తీసివేయగా 1,638 అవుతుంది. ఆ గొలుసులో 60 కార్బన్, 102 హైడ్రోజన్, 51 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. పదికి పది నీటి అణువులు తీసివేసి తప్పు చేసేవారు చాలామంది. వలయంగా ముడిపడని గొలుసులో బంధాల సంఖ్య ఎప్పుడూ మోనోమర్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువ.

కార్బోహైడ్రేట్లలో పరీక్షకు నిజంగా అక్కరకొచ్చేది ఒకే పోలిక: పిండిపదార్థం, సెల్యులోజ్. రెండింటి మోనోమర్ గ్లూకోజే, రెండింటిలోనూ ప్రధాన బంధం ఒకటవ కార్బన్‌నూ నాలుగవ కార్బన్‌నూ కలిపేదే. తేడా ఆల్ఫా, బీటా అమరికలో ఉంది. ఆల్ఫా బంధాలు గొలుసును సర్పిలంగా తిప్పుతాయి. బీటా బంధాలలో ఒక గ్లూకోజ్ తరువాత మరొకటి తిరగబడి నిలుస్తుంది కాబట్టి గొలుసు తిన్నగా సాగుతుంది, పక్క పక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో కట్టగా బిగుస్తాయి. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైము క్రియాశీల స్థానంలో (చర్య జరిగే చోట) బీటా అమరిక ఇమడదు. మన శరీరం సెల్యులోజ్‌ను జీర్ణం చేసుకోలేకపోవడానికి కారణం ఇదే. ప్రయోగశాల పరీక్షల్లో అయోడిన్ పిండిపదార్థానికి, బెనెడిక్ట్ ద్రావణం క్షయకరణ చక్కెరలకు అని గుర్తుంటే సరిపోతుంది. సుక్రోజ్ మాత్రం బెనెడిక్ట్ పరీక్షకు స్పందించదని ప్రత్యేకంగా రాసుకోండి, ప్రశ్నలు తయారు చేసేవారికి అది ఇష్టమైన మెలిక.

లిపిడ్లను మిగతా మూడింటితో సమానంగా పాలిమర్ల జాబితాలో చేర్చడం పొరపాటు. ట్రైగ్లిజరైడ్ అంటే ఒక గ్లిసరాల్, మూడు కొవ్వు ఆమ్లాలు. అక్కడితో అది పూర్తవుతుంది, గొలుసుగా పెరుగుతూ పోదు. లిపిడ్లను ఒక గుంపుగా కలిపేది వాటి మోనోమర్ కాదు, నీటిలో కరగకపోవడమనే లక్షణం. ఫాస్ఫోలిపిడ్ బొమ్మలో ఫాస్ఫేట్ ఉన్న తలకు ఆవేశం ఉందనీ, తోకలు కార్బన్–హైడ్రోజన్ గొలుసులనీ గుర్తించండి. ద్విస్తర త్వచం ఎందుకు ఏర్పడుతుందో మీరే చెప్పగలుగుతారు. తోకలు నీటిని వికర్షిస్తాయని చాలామంది రాస్తారు, అది సరికాదు. నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకోవడానికి మొగ్గుచూపుతాయి, ఆ పొత్తులో చేరలేని తోకలు ఒకచోటికి నెట్టబడతాయి.

ప్రోటీన్ల మీద ఎక్కువ సమయం పెట్టండి

అధ్యాయం మొత్తంలో పునశ్చరణకు మీకు మూడు గంటలుంటే, అందులో ఒక గంట ప్రోటీన్లకు, ఎంజైములకు కేటాయించడం సమంజసం. ఇరవై అమైనో ఆమ్లాల నిర్మాణాలనూ బట్టీ పట్టనవసరం లేదు. నిర్మాణం ఇస్తే, దాని పార్శ్వ సమూహం అధ్రువమా, ధ్రువమా, ధనావేశమున్నదా, రుణావేశమున్నదా అని చెప్పగలగాలి. ముందు రాసుకున్న ప్రమేయ సమూహాల జాబితా ఇక్కడ పనికొస్తుంది.

నిర్మాణంలోని నాలుగు స్థాయిలను చెప్పేటప్పుడు ఏ స్థాయిని ఏ బంధం నిలబెడుతుందో తప్పనిసరిగా జోడించండి. ప్రాథమిక నిర్మాణం పెప్టైడ్ బంధాలతో కలిసిన అమైనో ఆమ్లాల క్రమం. ద్వితీయ నిర్మాణాన్ని నిలిపేవి వెన్నెముక గొలుసులోని సమూహాల మధ్య హైడ్రోజన్ బంధాలు. పార్శ్వ సమూహాల మధ్య బంధాలని రాస్తే మార్కులు పోతాయి. తృతీయ నిర్మాణంలో పార్శ్వ సమూహాల పాత్ర మొదలవుతుంది: అయానిక ఆకర్షణలు, హైడ్రోజన్ బంధాలు, రెండు సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం, అన్నిటికన్నా ముఖ్యంగా అధ్రువ సమూహాలు నీటికి దూరంగా లోపలికి చేరడం. చతుర్థ నిర్మాణం ఒకటి కన్నా ఎక్కువ గొలుసులున్న ప్రోటీన్లకే ఉంటుంది. హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులున్నాయి, రైబోన్యూక్లియేజ్‌లో ఉన్నది ఒకే గొలుసు.

ఆ రైబోన్యూక్లియేజ్ తోనే క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ చేసిన ప్రయోగాన్ని మీ మాటల్లో వివరించడం మంచి అభ్యాసం. 124 అమైనో ఆమ్లాలున్న ఈ ఎంజైమును యూరియాతోనూ, డైసల్ఫైడ్ బంధాలను తెంచే రసాయనంతోనూ విప్పేస్తే అది పని చేయడం మానేసింది. ఆ రెండింటినీ తొలగించినప్పుడు తనంతట తానే తిరిగి ముడుచుకుని మళ్లీ పని చేసింది. ఆకృతికి కావలసిన సమాచారం అమైనో ఆమ్లాల క్రమంలోనే ఉందని దీనివల్ల తేలింది. ఆయనకు 1972లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ప్రోటీన్ విస్వభావీకరణ చెందినప్పుడు, అంటే దాని ఆకృతి విడిపోయినప్పుడు, పెప్టైడ్ బంధాలు తెగవన్న విషయం కూడా ఈ ప్రయోగం నుంచే సహజంగా బోధపడుతుంది: తెగి ఉంటే తిరిగి ముడుచుకోవడానికి గొలుసే మిగిలేది కాదు.

ఇప్పటిదాకా చదివినదంతా ఒక్కచోట కలిసే ఉదాహరణ సికిల్ సెల్ వ్యాధి. హీమోగ్లోబిన్ బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాలలో ఆరవ స్థానంలో ఉన్న గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. గ్లుటామిక్ ఆమ్లం పార్శ్వ సమూహానికి రుణావేశం ఉంది, వాలీన్‌ది అధ్రువ సమూహం. అణువు ఉపరితలం మీద నీటితో కలవని ఒక మచ్చ ఏర్పడినట్టవుతుంది. ఆక్సిజన్‌ను వదిలేసిన హీమోగ్లోబిన్ అణువులు ఆ మచ్చల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులుగా పేరుకుంటాయి, ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి వంగిపోతుంది. ఈ గొలుసుకట్టు వివరణను ఆవేశం, నీరు, ఆకృతి, పని అన్న వరుసలో ఆగకుండా చెప్పగలిగితే మీ పునశ్చరణ సరైన దారిలో ఉందని నమ్మవచ్చు.

ఎంజైముల రేఖాచిత్రాలు

ఎంజైము ఉత్తేజన శక్తిని, అంటే చర్య మొదలవడానికి కావలసిన శక్తిని, తగ్గిస్తుంది; మొదటి పదార్థాల శక్తిని గానీ, ఉత్పన్నాల శక్తిని గానీ, వాటి మధ్య తేడాను గానీ మార్చదు. రేఖాచిత్రంలో శిఖరం మాత్రమే కిందికి దిగాలి, రెండు చివరలూ ఉన్నచోటే ఉండాలి. మీ మొదటి కాగితం మీద ఈ బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో ఇప్పుడు చూసుకోండి. ఎంజైములన్నీ ప్రోటీన్లేనని కూడా రాయవద్దు. ఆర్‌ఎన్‌ఏ సైతం ఉత్ప్రేరకంగా పని చేయగలదని చూపినందుకు సిడ్నీ ఆల్ట్‌మన్, థామస్ చెక్‌లకు 1989లో రసాయన శాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఉష్ణోగ్రత రేఖకు రెండు వైపులా ఉన్న కారణాలు వేరు వేరు. గరిష్ఠానికి ఎడమవైపు వేగం తక్కువ కావడానికి కారణం అణువుల చలనశక్తి తక్కువై అవి ఢీకొనడం తగ్గడం. చల్లదనం ఈ పరిధిలో ఎంజైమును పాడు చేయదు, వెచ్చబడితే మళ్లీ పని చేస్తుంది. కుడివైపు వేగం పడిపోవడానికి కారణం ఆకృతి చెడిపోవడం. పీహెచ్ రేఖ విషయంలో మాత్రం రెండు వైపులా కారణం ఒకటే: పార్శ్వ సమూహాల ఆవేశాలు మారి, సబ్‌స్ట్రేట్‌తో (ఎంజైము చర్య జరిపే పదార్థంతో) అమరిక దెబ్బతింటుంది. పెప్సిన్‌కు పీహెచ్ 2 దగ్గర, ట్రిప్సిన్‌కు 8 దగ్గర అనుకూలంగా ఉండడం వాటి అమైనో ఆమ్లాల అమరికలోని తేడా వల్లనే.

సబ్‌స్ట్రేట్ గాఢత పెంచుతూ పోతే వేగం ఒక దశలో ఎందుకు ఆగిపోతుందో రాయండి: అన్ని క్రియాశీల స్థానాలూ నిండిపోయాయి కాబట్టి. క్రియాశీల స్థానం కోసం సబ్‌స్ట్రేట్‌తో పోటీపడే పోటీ నిరోధకం ఉన్నప్పుడు సబ్‌స్ట్రేట్‌ను బాగా పెంచితే అదే గరిష్ఠ వేగం తిరిగి అందుతుంది. పోటీ లేని నిరోధకం వేరే చోట అంటుకుంటుంది కాబట్టి ఎంత పెంచినా ఆ వేగం రాదు. ఒకే గ్రాఫు మీద మూడు రేఖలూ గీసి, ప్రతి రేఖ పక్కనా ఒక వాక్యం కారణంగా రాయండి.

కేంద్రకామ్లాలు, ఏటీపీ

కేంద్రకామ్లాలను తరువాతి అధ్యాయాల్లో మళ్లీ వివరంగా చదువుతారు కాబట్టి ఇక్కడ లెక్కలు చేయడం చాలు. అడెనిన్, థైమిన్ మధ్య రెండు, గ్వానిన్, సైటోసిన్ మధ్య మూడు హైడ్రోజన్ బంధాలు ఉంటాయి కాబట్టి నాలుగు గ్వానిన్ జతలున్న పది జతల ముక్కలో 24 హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. రెండు పోగుల డీఎన్‌ఏలో అడెనిన్ 30 శాతమైతే గ్వానిన్ 20 శాతం. ఒక నమూనాలో అడెనిన్ 25, థైమిన్ 33, గ్వానిన్ 24, సైటోసిన్ 18 శాతం ఉన్నాయని ఇస్తే, లెక్క తప్పిందని అనుకోకండి. అది ఒంటి పోగు డీఎన్‌ఏ అన్నమాట.

కణం తన పనులకు శక్తిని అందుకునే అణువైన ఏటీపీ గురించి దాదాపు ప్రతి జవాబు పత్రంలోనూ కనిపించే వాక్యం 'ఫాస్ఫేట్ బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుంది' అన్నది. ఏ బంధాన్నైనా తెంచడానికి శక్తి ఖర్చవుతుంది. నీటితో చర్య జరిగి కొత్త బంధాలు ఏర్పడి, పక్కపక్కనే ఉన్న రుణావేశాల మధ్య వికర్షణ తగ్గి, మరింత స్థిరమైన ఉత్పన్నాలు వస్తాయి కాబట్టి మొత్తం చర్యలో నికరంగా శక్తి వెలువడుతుంది. ప్రామాణిక పరిస్థితుల్లో అది మోలుకు దాదాపు 30.5 కిలోజౌళ్లు. 'ఏటీపీ జలవిశ్లేషణ వల్ల శక్తి విడుదలవుతుంది' అని రాస్తే వాక్యం చిన్నదిగానూ, నిజమైనదిగానూ ఉంటుంది.

ఇప్పుడు మొదట చెప్పిన పట్టిక గీయండి, ఈసారి గళ్లు నింపడానికి పుస్తకం అవసరం ఉండదు. తరువాత ఈ ప్రశ్నకు ఐదారు వాక్యాల్లో జవాబు రాయండి: చాలా చల్లని నీటిలో జీవించే చేపల కణత్వచాల్లో ఏ రకమైన కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయని ఊహిస్తారు, ఎందుకు? అసంతృప్త (గొలుసులో ద్విబంధం ఉన్న) కొవ్వు ఆమ్లాలు అని మాత్రమే రాస్తే అది జవాబులో ఒక భాగమే. ఉష్ణోగ్రత తగ్గితే తోకలు దగ్గరగా చేరి త్వచం బిగుసుకుపోతుందనీ, ద్విబంధం దగ్గర తోక వంగడం వల్ల అవి అంత దగ్గరగా చేరలేవనీ, అందువల్ల త్వచం ద్రవస్థితిని నిలుపుకుని రవాణా ప్రోటీన్లు పని చేయగలుగుతాయనీ అందులో ఉండాలి. ఈ మూడింటిలో ఏది మీ జవాబులో లేదో చూసి, ఫాస్ఫోలిపిడ్ బొమ్మ దగ్గరికి తిరిగి వెళ్లండి.